కేబుల్ రాయికి సున్నం

చుట్టాలెవరైనా నా ఉద్యోగం గురించి అడిగితే మా బాపు "రోడ్డు పొంటి తిరుగుతది" అని చెబుతాడు. అందులో అబద్ధం లేదు. మొయినాబాద్‌లో ఒక మందుల దుకాణం పైగది మా ఆఫీసు. అక్కడి నుంచి స్కూటీ మీద ఒకరోజు అజీజ్‌నగర్ వైపు, ఒకరోజు చేవెళ్ళ వైపు రోడ్డు అంచునే మెల్లగా వెళ్తూ, భూమిలో నడుము లోతున ఉన్న ఒక కేబుల్‌ను చూసుకోవడం నా పని. చూసుకోవడం అంటున్నానే గానీ ఆ కేబుల్ కంటికి కనిపించదు. కనిపించేవి దాని మీద అక్కడక్కడా పాతిన పసుపుపచ్చ సిమెంటు రాళ్ళే. మోకాలెత్తు ఉంటాయి. కింద కేబుల్ ఉంది, తవ్వవద్దు అని వాటి మీద నల్లటి అక్షరాలుంటాయి. ఆ రాళ్ళ దగ్గర ఎవరైనా జేసీబీ దించినా, నీళ్ళ పైపు కోసం కాలువ తీస్తున్నా బతిమాలో కోప్పడో ఆపించాలి.

కేబుల్ లోపల వెంట్రుక లాంటి గాజు పోగులు ఉంటాయి. వాటి గుండా వెలుగు పోతుంది. నగరంలో షేర్లు కొని అమ్మే ఒక కంపెనీ దానికి ఒక కొస. చేవెళ్ళ దాటాక చేల మధ్య కట్టిన, కిటికీలు లేని పెద్ద భవనం ఇంకో కొస. ఆ భవనం నిండా వరుసలుగా కంప్యూటర్లు. కంపెనీ తన లెక్కలు చేసే యంత్రాలను సొంత ఆఫీసులో పెట్టుకోకుండా అక్కడ కిరాయికి తీసుకుంది. దీన్నే క్లౌడ్ అంటారు. నేను చూసినంతలో ఆ క్లౌడ్ నేల మీదే, కరెంటు స్తంభాల మధ్య, జనరేటర్ల హోరులో ఉంటుంది.

అందరూ వాడుకునే ఇంటర్నెట్ దారిలో ఆ కంపెనీ తన మాటలు పంపదు. దానికి రెండు భయాలు. ఒకటి ఆలస్యం. షేరు ధర మారిన సంగతి యంత్రానికి చేరేలోపు ఇంకొకరికి చేరితే అవకాశం వాళ్ళది అవుతుంది. రెండోది పరాయి చూపు. దారిలో ఎవరూ ఆ మాటలు చదవకూడదు. అందుకే సొంత కేబుల్, రెండు కొసలా ఆ మాటలను రహస్య సంకేతాలుగా మార్చి తాళం వేసే, తీసే పెట్టెలు, ఇది తెగితే వాడుకోవడానికి శంకర్‌పల్లి పక్కనున్న ప్రొద్దుటూరు అనే పల్లె మీదుగా తిరిగి వెళ్ళే రెండో కేబుల్.

ఇదంతా నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. ఇంటర్‌తో నా చదువు ఆగింది. తర్వాత చేవెళ్ళలో జిరాక్సు దుకాణంలో కుదిరాను. ఎదురుగా గ్రంథాలయం. మధ్యాహ్నం భోజనాల తర్వాత దుకాణానికి ఎవరూ వచ్చేవారు కాదు. అప్పుడు వెళ్ళి కూర్చునేదాన్ని. మొదట వారపత్రికలు, అవి అయిపోయాక నవలలు, అవీ అయిపోయాక ఎవరూ ముట్టని సైన్సు బీరువా. దుమ్ము తుడుచుకుంటూ ఆ బీరువా మొత్తం చదివాను. గాలిలో పోయినంత వేగంగా గాజులో వెలుగు పోలేదని, అయినా ఒక్క సెకనులో రెండు లక్షల కిలోమీటర్లు పోతుందని అక్కడే తెలుసుకున్నాను. ఈ ఉద్యోగానికి వెళ్ళిన రోజు మా మేనేజరు సారు "కేబుల్ గురించి ఏం తెలుసమ్మా?" అంటే ఆ మాట చెప్పాను. ఆయన కాసేపు నన్ను చూసి, "స్కూటీ వచ్చా?" అని అడిగాడు. ఉద్యోగం ఆ రెండింటిలో దేనికి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. మొదటిదానికే వచ్చిందని నేను అనుకుంటాను.

ఎంకపల్లి దగ్గర మా కేబుల్ కొంతదూరం క్రైస్తవుల సమాధుల తోటలోంచి పోతుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు, నాకన్నా ముందు పనిచేసినవాళ్ళు సంఘ పెద్దలను అడిగి, రోడ్డు వైపు అంచున ఖాళీగా ఉన్న నేలలోంచి దాన్ని వేశారట. నేను చేరి అప్పటికి కొద్దిరోజులే. నవంబరు మొదటి వారంలో ఒక ఉదయం జాయింట్లు వేసే అన్నతో కలిసి ఆ ముక్క చూడటానికి వెళ్ళాను. తెగిన గాజు పోగులను కొసకు కొస కలిపి అతికించడం ఆయన పని. ఊరు ఎంకపల్లే. గేటులోంచి చూస్తే తోటంతా తెల్లగా మెరుస్తున్నది. సమాధుల పండుగ అయి రెండు రోజులు కూడా కాలేదు. ఆ పండుగకు ప్రతి ఇంటివాళ్ళూ వచ్చి తమ వాళ్ళ సమాధుల చుట్టూ గడ్డి పీకి, సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు.

మా పసుపు రాయి మాత్రం లేదు.

కాగితం మీద గీసిన పటం ప్రకారం రెండు సమాధుల పక్కన ఉండాలి. అటూ ఇటూ తిరిగాను. ఎవరో పీకేశారనుకున్నాను. అన్న ఒక చోట నిలబడి నడుము మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్నాడు.

"చెల్లె, ఇటు రా. మన కేబుల్‌ను దఫన్ చేసిన్రు."

రాయి అక్కడే ఉంది. దట్టంగా సున్నం కొట్టారు, అక్షరాలు కూడా కనిపించకుండా. మెడలో బంతిపూల దండ. ముందర కరిగి గడ్డకట్టిన కొవ్వొత్తి. గీకి చూస్తే సున్నం కింద ఇంకో పొర, దాని కింద మరో పొర.

"ఏంది బిడ్డ, దాన్ని ఎందుకు గీకుతున్నవ్?"

వెనక్కి తిరిగి చూశాను. నెత్తి మీద కొంగు కప్పుకున్న ముసలామె. చేతిలో ప్లాస్టిక్ సంచి. మిగిలిన కొవ్వొత్తి ముక్కలు ఏరుకోవడానికి వచ్చింది.

"అవ్వా, దీనికి సున్నం ఎవరు ఏసిన్రు?"

"నేనే. ఏటా నేనే ఏస్త. పసిగుడ్డు సమాధి. దిక్కులేనట్టున్నది పాపం, ఒక్కలు రారు దానికి."

అన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. నిజంగానే, ఎత్తు చూసినా వెడల్పు చూసినా ఆ రాయి అక్కడి పసిపిల్లల సమాధుల మీది రాళ్ళలాగే ఉంది. నేను మెల్లగా విషయం చెప్పాను. ఇది సమాధి కాదని, కింద ఫోన్ల లాంటి వాటి కేబుల్ ఉందని, అది తెలియడానికి పెట్టిన గుర్తు అని. ఆమె ఆ రాయిని చాలాసేపు చూసింది.

"పిల్ల కాదా?"

"కాదు అవ్వా."

"మరి నేను ఇన్నేండ్లు ఎవలితోని మాట్లాడిన?" అంది. అన్న ఈసారి ఆపుకోలేకపోయాడు. ఆమె కూడా నవ్వింది. కొంగుతో నోరు కప్పుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"అయితే నా జాగల కేబులున్నదా?"

ఆ మాట నాకు వెంటనే అర్థం కాలేదు. అన్న చెప్పాడు. ఆ తోటలో అందరినీ తల పడమటికి, కాళ్ళు తూర్పుకు వచ్చేలా పడుకోబెడతారు. భర్త ఎడమ చేతి వైపు భార్యకు చోటు వదులుతారు. అవ్వ భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కుడి పక్కన ఆయన తల్లి ఉంది. ఎడమ పక్కన ఒక మనిషి పట్టే ఖాళీ, ఆ ఖాళీ అంచున మా రాయి. పటం చూశాను. రాయి అంచున ఉన్నా, కేబుల్ సరిగ్గా ఆ ఖాళీ కిందనుంచే ఏటవాలుగా పోతున్నది.

"ఇంకోతాన చూసుకోరాదు అవ్వా, తోట పెద్దదే కదా" అన్నాను. నేను అక్కడి దాన్ని కాదు. మా ఇళ్ళలో ఈ పద్ధతి లేదు. తెలియక అన్నాను.

ఆమె కోప్పడలేదు. సమాధి గట్టు మీద కూర్చుని చెప్పింది.

"ఆయన అజీజ్‌నగర్‌ల ఒక ఫారంహౌస్‌కు వాచ్‌మెన్ బిడ్డ. నేను ఇంకో ఫారంహౌస్‌ల వంట. ఆయన గేటు కాడ పండుకుంటుండె, నేను వంటింట్ల. నడుమ ఒక్క గోడనే. గోడ అవతల దగ్గితే నాకు ఇనొస్తుండె. ఆదివారం ఆరాధనకాడ కలుస్తుంటిమి. పిల్లలు కలుగలే. గిట్లనే గడిచిపోయింది. ఆయన పోయిన నాడు పాస్టరయ్యను అడిగిన, నా జాగ నాకు ఉంచుండ్రని. ఉంచిన్రు. ఇప్పుడు నువ్వొచ్చి కేబులున్నదంటున్నవ్."

రాయి మీద సున్నం గీకడం ఆపేసి వచ్చాను.

మేనేజరు సారుకు చెబితే ఆయన మొదట నవ్వాడు, తర్వాత తల పట్టుకున్నాడు. కేబుల్ పక్కకు జరపాలంటే కోయాలి. కోయాలంటే షేర్ల కంపెనీ ఒప్పుకోవాలి. "రోడ్డు పని మళ్ళ వచ్చినప్పుడు చూద్దాం తియ్. అప్పటిదాకా చుట్టూ టేపు కట్టు" అన్నాడు. ఎరుపు తెలుపు చారల ప్లాస్టిక్ టేపు తీసుకెళ్ళి, నాలుగు కట్టెలు పాతి కట్టి వచ్చాను. రెండు వారాల తర్వాత వెళ్తే కట్టెలున్నాయి, టేపు లేదు. అవ్వ ఇల్లు తోటకు ఎదురుగానే. పెరట్లో చిక్కుడు తీగ మా టేపుతో కట్టుకుని పందిరి ఎక్కుతున్నది.

"మంచిగున్నది బిడ్డ ఆ పట్టీ. వానకు కుళ్ళదు. ఇంక ఉన్నదా?" అని అడిగింది.

ఆ తర్వాత అటు వెళ్ళినప్పుడల్లా అవ్వ దగ్గర ఆగడం అలవాటైంది. ఆమె ఆ కేబుల్ సంగతి అడుగుతూనే ఉండేది. పైసలు పోతాయా అందులో అని ఒకసారి అడిగింది. పైసలు పోవు, పైసల ముచ్చట పోతుంది అన్నాను. ఎంతసేపట్లో పోతుంది అంది. ఇక్కడి నుంచి చేవెళ్ళకు పోయి తిరిగొచ్చే కాలం, నువ్వు అగ్గిపుల్ల గీస్తే మంట అంటుకునే కాలంలో వెయ్యో వంతు కూడా ఉండదు అన్నాను. గ్రంథాలయంలో చదివిన లెక్కను అగ్గిపుల్లలోకి మార్చి చెప్పినందుకు నాకే సంతోషం వేసింది. ఆమె మాత్రం, "గంత తొందరగ పోయి ఏం జేస్తది?" అంది.

కంపెనీ వైపు లైన్ల బాధ్యత చూసే ఇంజనీరు ఒక మేడం. అప్పటిదాకా ఫోనులో గొంతు మాత్రమే తెలుసు. నెలకోసారి లైను బాగోగులు చెప్పడానికి ఫోను చేస్తాను. ఎండాకాలంలో ఒకసారి ధైర్యం చేసి అవ్వ సంగతి ఎత్తాను. కేబుల్‌ను ప్రహరీ గోడ వెంట తిప్పితే కొన్ని మీటర్లే పెరుగుతుందని, గాజులో వెలుగు వేగం ప్రకారం ఆ తేడా ఇంతే అని, ముందే కాగితం మీద వేసుకున్న లెక్క చదివాను.

ఆమె చివరిదాకా విన్నది. "మీ లెక్క కరెక్టేనండీ. కానీ పొడవు నాకు సమస్య కాదు. కొంచెం ఎక్కువైనా ఎప్పుడూ ఒకేలా ఉంటే మా యంత్రాలు సర్దుకుంటాయి. కోయడమే సమస్య. కోస్తే మా మాటలన్నీ శంకర్‌పల్లి దారికి మారాలి. అది చాలా పొడవు. ఒక్కసారిగా గడియారం వెనకబడినట్టు అవుతుంది. పైగా కేబుల్ తెరిచారంటే మా సెక్యూరిటీ వాళ్ళు ఊరుకోరు. అవసరం లేకుండా నేను ఎట్లా ఒప్పుకోను?" అంది. మర్యాదగానే అంది. నా లెక్క సరైనదే, అడిగినదానికి సంబంధం లేనిది. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

వానాకాలంలో అవ్వకు జ్వరం వచ్చింది. కీళ్ళు పట్టేసే జ్వరం. చేవెళ్ళ దవాఖానలో చేర్చారని అన్న చెప్పాడు. చూడటానికి వెళ్ళాను. మంచం మీద చిన్నగా అయిపోయి ఉంది. అన్న భార్య గంజి తాగిస్తున్నది. నన్ను చూసి అవ్వ, "కేబుల్ పిల్ల వచ్చింది. ఇంక పోలేదు తియ్, ఉన్న" అంది. అందరూ నవ్వారు. నేను స్కూటీ దగ్గరికి వచ్చి కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆమెకు ఏమైనా అయితే ఎక్కడ పెడతారు? ఆ ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు. అడగాల్సిన పని లేదు కూడా.

ఆ వారమే ఇంజనీరు మేడంకు నెలవారీ ఫోను చేయాలి. ఈ నెల లైనుకు ప్రమాదం తెచ్చే పనులేమైనా ఉన్నాయా అని ఆమె ప్రతిసారీ అడిగే ప్రశ్నే అడిగింది. రోడ్డు పనులు లేవు, బోర్లు లేవు అన్నాను. ఒక్క క్షణం ఆగి, "ఆ అవ్వ దవాఖానల ఉన్నది మేడం" అన్నాను.

"ఆమెకు ఏదైనా జరిగితే ఎన్ని రోజులకు తవ్వుతారు?"

"రోజులు ఉండవు మేడం. పొద్దున పోతే సాయంత్రంలోపల అయిపోతది."

"ఎవరు తవ్వుతారు? మీకు తెలిసినవాళ్ళేనా?"

"తవ్వేటోళ్ళు అని వేరే ఉండరు. చుట్టాలే, గడ్డపారలతోని. ఇంటివాళ్ళ చేతులతోనే తవ్వాలె."

"మీకు ముందు ఫోను చేస్తారు కదా?"

"చావు ఇంట్ల కేబుల్ కంపెనీకి ఎవరు ఫోను చేస్తరు మేడం?"

నేను బెదిరించడానికి ఆ మాట అనలేదు. ఉన్నదే చెప్పాను. ఆమె మాత్రం ఇంజనీరు కదా, ఆ మాటలో తన లైనును చూసింది. మంగళవారమో బుధవారమో మార్కెట్ నడుస్తుండగా, ఏడుస్తున్న నలుగురు మనుషులు ఒక గడ్డపార దింపుతారు. తాళాలు, పెట్టెలు, కాపలాలు ఏవీ దాన్ని ఆపలేవు.

"ఇది మీరు ఎండాకాలంలోనే ఇట్లా చెప్పి ఉండాల్సింది" అంది చివరికి. "వెలుగు వేగం చెప్పారు, గడ్డపార సంగతి చెప్పలేదు."

అవ్వ కోలుకుని ఇంటికి వచ్చింది. కంపెనీ ఒప్పుకుంది. ఇక రోజు కుదరాలి. మార్కెట్ లేని ఆదివారం చేయండి అన్నారు కంపెనీవాళ్ళు. పాస్టరయ్య తల అడ్డంగా ఊపాడు. "ఆదివారం ఈ తోటల పార పెట్టేది ఒక్క చావుకే బిడ్డ. మీ పనికి కాదు." శనివారం అంటే ఆ రోజు తమ యంత్రాలకు పరీక్షలు ఉంటాయన్నారు కంపెనీవాళ్ళు. మా ఆఫీసు గోడకున్న క్యాలెండరు ముందు అన్న నిలబడి వేలు పెట్టి వెతికాడు.

"గాంధీ జయంతి చెల్లె. మార్కెట్ బంద్. ఆదివారం కాదు. మటన్ దొరకదు, మందు దొరకదు. పనన్న చేద్దాం."

ఆ వారం ముందుగానే కూలీలు గోడ వెంట కాలువ తీశారు. కొత్త కేబుల్ ముక్క దానిలో పరిచి, రెండు కొసలూ పాత కేబుల్ దగ్గర సిద్ధంగా ఉంచారు. గాంధీ జయంతి నాడు బడి పిల్లల ఊరేగింపు పోయాక మొదలుపెట్టాం. ఇంజనీరు మేడం స్వయంగా వచ్చింది. కేబుల్ తెరిచినప్పటి నుంచి మూసేదాకా వాళ్ళ మనిషి ఒకరు కళ్ళ ముందు ఉండాలట, అది వాళ్ళ నియమం. గొంతు విని పెద్దావిడ అనుకున్నాను, నా వయసే. రాత్రి వాన పడింది. ఆమె తెల్ల బూట్లు గేటు దాటేసరికే ఎర్రబడ్డాయి.

పాస్టరయ్య చిన్న ప్రార్థన చేశాడు. పనిచేసేవాళ్ళ చేతులను, తోటలో నిద్రిస్తున్నవాళ్ళను, చివర్లో కాస్త తడుముకుని "ఈ తీగను కూడా" కాపాడమని అడిగాడు. మేడం అందరికన్నా గట్టిగా ఆమెన్ అంది.

అన్న కత్తెర వేశాడు. అంత పెద్ద కంపెనీ మాటలన్నీ ఆ క్షణంలో ప్రొద్దుటూరు మీదుగా తిరగడం మొదలుపెట్టాయి. మాకు కనిపించింది కత్తెర మాత్రమే. మేడం చేతిలోని ఫోను ఒకసారి మోగింది. చూసుకుని, తలూపి, జేబులో పెట్టుకుంది.

గొడుగు కింద చిన్న బల్ల వేసుకుని అన్న ఒక్కో పోగునూ తుడిచి, యంత్రంలో పెట్టి అతికిస్తున్నాడు. అవ్వ స్టీలు క్యానులో చాయ్ తెచ్చి పోసింది. మేడంను కింది నుంచి మీది దాకా చూసింది.

"ఈ పిల్ల ఎవలు? పని జేస్తలేదు, నిలవడ్డది."

"కావలి అవ్వా" అన్నాడు అన్న తల ఎత్తకుండా.

"మా ఆయన జేసిన నౌకరేనా!" అని అవ్వ మేడంకు ఇంకో అర గ్లాసు పోసింది. "ఎవలన్న దీన్ని తెరిసి చూస్తే మీ ముచ్చట ఇనొస్తదా బిడ్డ?"

"వినిపించదు అవ్వా. తాళం వేసి పంపుతాం. ఆ తాళంచెవి కూడా మాటిమాటికీ మారుతుంది."

"గంత తాళం ఏసినంక ఈడ నిలవడుడెందుకు?"

మేడం నవ్వింది. "బీరువాకు తాళం వేశామని ఇంటి తలుపు తెరిచి పెట్టి పోతామా?"

"గది నిజమే" అంది అవ్వ. ఆ జవాబు ఆమెకు నచ్చింది. తర్వాత మేడంను తీసుకెళ్ళి భర్త సమాధి చూపించింది. ఏం మాట్లాడుకున్నారో వినిపించలేదు. అవ్వ చేత్తో గోడ చూపించడం, దగ్గినట్టు చేయడం దూరం నుంచి కనిపించింది.

మధ్యాహ్నం దాటాక అతకడం అయిపోయింది. అన్న కేబుల్‌లోకి వెలుగు పంపి కొలిచాడు. ఎక్కడా వెలుగు కారిపోవడం లేదు. పొడవు మాత్రం మునుపటికన్నా రవ్వంత పెరిగింది. మేడం నావైపు చూసి, "మీ లెక్క ఎంత వచ్చింది అప్పుడు?" అని అడిగింది. చెప్పాను. దాదాపు సరిపోయింది. "కరెక్టే అన్నాను కదా" అంది. చేవెళ్ళ గ్రంథాలయంలోని ఆ బీరువా నాకు కళ్ళముందు కనిపించింది.

మూతలు బిగించి, వాటి మీద కంపెనీ ముద్ర అంటించాక, అన్న పాత కేబుల్ ముక్కను అవ్వ జాగ కిందనుంచి లాగాడు. పైపుతో సహా మట్టి కారుతూ బయటికి వచ్చింది. అవ్వ దగ్గరికొచ్చి పట్టుకుని చూసింది. నల్లగా, ఆమె చిటికెన వేలు లావు ఉంది.

"గింతేనా?" అంది. "గింత సన్నందా? దీనికోసమా నన్ను ఏడాది తిప్పిన్రు!"

"ఇంకేం లేదు అవ్వా, చూసుకో" అని అన్న ఆ చోట గడ్డపార దింపి, రెండు మూడు చోట్ల గుచ్చి చూపించాడు. మెత్తగా దిగింది. ఆమె ఒక్కో చోటా వంగి చూసింది. తర్వాత మా రాయి వైపు తిరిగింది. దాన్ని పెకలించి గోడ వారకు మోసుకుపోతుంటే వెంటే నడిచింది. కొత్త చోట పాతాక నేను సున్నమంతా గీకి, డబ్బా తెరిచి పసుపు రంగు వేశాను. అక్షరాలు మళ్ళీ రాశాను. అవ్వ పక్కనే నిలబడి చూసింది.

"మంచిగనే ఉన్నది గని," అంది, "సున్నంలనే ముద్దుగుండె."

నెల తిరిగేసరికి మళ్ళీ సమాధుల పండుగ వచ్చింది. నాకు ఆ రోజు అటు పని లేదు. అయినా సాయంత్రం ఆఫీసు నుంచి వెళ్తూ గేటు దగ్గర స్కూటీ ఆపాను. తోట నిండా మనుషులు, బంతిపూలు, పిల్లల కేకలు. ముందు గోడ వైపు చూశాను, అలవాటు కొద్దీ. రాయి పసుపుగానే ఉంది. సున్నం చుక్క లేదు. దాని ముందర మాత్రం ఒక కొవ్వొత్తి వెలుగుతున్నది.

అవ్వ తన జాగలో ఉంది. భర్త సమాధికి ఎడమ పక్కన, గడ్డి పీకి శుభ్రం చేసిన నేల మీద బియ్యం సంచి పరుచుకుని, కాళ్ళు తూర్పుకు చాపుకుని కూర్చుంది. చుట్టూ నాలుగు మూలలా నాలుగు ఇటుకలు, వాటికి తాజా సున్నం. ఒళ్ళో స్టీలు డబ్బా. గారెలు తింటున్నది.

"అవ్వా, రాయికి కొవ్వొత్తి పెట్టినవా?" అన్నాను.

"ఇన్నేండ్లు మాట్లాడిన కద. ఒక్కసారే ఎట్ల ఇడిసిపెడ్త?"

నేను సమాధుల మధ్య, ఎక్కడ కాలు పెట్టాలో తెలియక నిలబడ్డాను. ఆమె డబ్బా మూత తీసి నావైపు జరిపి, పక్కకు కొంచెం సర్దుకుంది.

"నిలవడ్డవేంది? కూసో బిడ్డ. జాగ మస్తున్నది."

చెప్పులు ఇటుకల అవతల విడిచి, ఆమె పక్కన సంచి మీద కూర్చున్నాను.